వీసా మీద కుంకుమ బొట్టు

నా పాస్‌పోర్టులో వీసా అంటించిన పేజీ మీద ఒక మరక ఉంది. నడుమ ఎర్రగా, అంచుల దగ్గర పసుపచ్చగా ఉండి ఎదుటి పేజీకి కూడా అంటుకుంది. రెండేళ్ళ కిందట జర్మనీకి చదువుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ మరక పుణ్యమా అని నన్ను విమానాశ్రయంలో మూడు గంటలు కూర్చోబెట్టారు. నిజం చెప్పాలంటే మరకకు పట్టింది అరగంటే. మిగతా రెండున్నర గంటలూ నా నోటి వల్ల.

తిరిగొచ్చి నెల దాటింది. విదేశాలకు చదువుకు పోబోయే పిల్లలు ఎవరెవరి దగ్గరో నా నంబరు పట్టుకుని, "అక్కా, ఇమ్మిగ్రేషన్ దగ్గర ఏమడుగుతారు?" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పేసరికి నాకు నోరు నొప్పి పుడుతోంది. ఏ కాగితాలు పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు. నాకు జరిగింది మాత్రం నేనే చెప్పాలి కాబట్టి, ఒక్కసారి రాసిపెడుతున్నాను.

తిరుపతి, ఆయుధ పూజ రోజు

మాది నగరి. నాయనకు అద్దె షెడ్డులో రెండు మరమగ్గాలుండేవి. ఆయన పోయి ఏడేళ్ళు, అమ్మ పోయి నాలుగేళ్ళు అయింది అప్పటికి. తోడబుట్టినవాళ్ళు లేరు. అమ్మ పోయాక నేను తిరుపతికొచ్చి ఒక బట్టల కంపెనీలో చెకింగ్ సెక్షన్లో చేరాను. ఆ పని చేస్తూనే పరీక్షలు రాసి, ముప్ఫైరెండేళ్ళ వయసులో జర్మనీలో ఒక చిన్న ఊరి కాలేజీలో నేత పని ఇంజనీరింగులో సీటు తెచ్చుకున్నాను. ఖర్చు కోసం రెండు మగ్గాలూ అమ్మేశాను. ఉద్యోగం మానేశాను. తిరుపతిలో గది ఖాళీ చేస్తున్నానని చెప్పేశాను. అంటే, అక్కడ తలుపు తియ్యకపోతే ఇక్కడ తిరిగొచ్చి నిలబడడానికి చోటు లేదు. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాత నా అవస్థ మీకు అర్థమవుతుంది.

నా గది బాషా భాయ్ టైలరు కొట్టు మీద. విమానానికి రెండు రోజుల ముందు ఆయుధ పూజ వచ్చింది. కింద కొట్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు మిషన్లు తుడిచి బొట్లు పెట్టి, బొరుగులూ బెల్లమూ పంచుతున్నారు. భాయ్ పక్కన నిలబడి బొరుగులు తింటూ నన్ను చూసి పిలిచాడు.

"నీది ఏమన్నా ఉంటే తెచ్చి ఈడ పెట్టమ్మా. పూజ ఎట్లాగూ జరుగుతా ఉండాది గదా."

"వద్దు భాయ్, పైన నేనే చేసుకుంటా" అన్నాను. పండగ పూట ఇంకొకరి పూజలో దూరడానికి మనసొప్పలేదు. ఆ రోజు ఆ బింకం చూపకుండా ఆ ఆడవాళ్ళ ముందు కూర్చుని ఉంటే, నేను చేయబోయే పని చూసి వాళ్ళే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు.

పైకొచ్చి దీపం పెట్టాను. పూజకు పెట్టడానికి పనిముట్టు లేదు. ఇన్నేళ్ళూ ఈ రోజున మగ్గానికి, పోగు మోసే నాడెకు, కత్తెరకు బొట్టు పెట్టిన చెయ్యి. ఇప్పుడు మగ్గాలే లేవు. ఇకమీదట నాకు అన్నం పెట్టేది పాస్‌పోర్టే కదా అని దాన్ని తెచ్చి దీపం ముందు పెట్టాను. అట్ట మీద బొట్టు పెట్టి ఊరుకుంటే ఏ గొడవా లేదు. మా నాయన మగ్గానికి బొట్టు పెట్టేటప్పుడు ప్రతి ఏడూ ఒక మాట అనేవాడు: "కొయ్యకు పెడితే ఏముండాది మే. సెయ్యి పడే సోట పెట్టాల."

పాస్‌పోర్టులో చెయ్యి పడే చోటు ఏది? వీసా. తెరిచి, వీసా కింది అంచున తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టాను. ఆరిందనుకుని మూసేశాను. దండం పెట్టుకున్నాను. బాగా ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు.

మర్నాడు సాయంత్రం భాయ్ ఒక సంచి కుట్టి తెచ్చిచ్చాడు. జాకెట్ల లైనింగు గుడ్డతో కుట్టి, టిచ్ బటన్లు పెట్టి, మెడలో వేసుకునేలా తాడు పెట్టాడు.

"కాగితాలన్నీ ఇందులో ఏసుకో. పెద్ద పెట్టెలో పెట్టొద్దు, అది విమానం పొట్టలోకి పోతాది. మా అన్న కొడుకు దుబాయ్‌కి పోయినప్పుడు అట్లనే పెట్టుకుని నానా అగచాట్లు పడినాడు" అన్నాడు. తర్వాత, "రేపు బస్టాండుకు నేనొస్తా, పెట్టె బరువుంటాది" అన్నాడు.

"వద్దు భాయ్. మావాళ్ళు వస్తారు."

మావాళ్ళు ఎవరని ఆయన అడగలేదు. అద్దెకిచ్చినప్పుడే నా సంగతంతా తెలిసినవాడు. సరే అని తలూపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బంగారుపాళ్యం దాకా

మర్నాడు పొద్దున తాళంచెవి కొట్టు కిటికీలో పెట్టి, పెట్టె నేనే ఈడ్చుకుంటూ బెంగుళూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. కొండ మీద గుండు చేయించుకుని వస్తోంది, నున్నటి తల మీద గంధం ఇంకా ఆరలేదు. పేరు మునెమ్మ. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. కిటికీ పక్క సీటు నాకిచ్చింది. అందుకు బదులుగా కాబోలు, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"యాడికి పాపా, బెంగుళూరికేనా?"

"ఆణ్ణించి విమానమక్కా. జర్మనీకి. సదువుకు."

నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఈ వయసులో సదువా? పెండ్లయిందా?"

"కాలేదు."

"ఏంటికి?"

"కుదర్లేదక్కా."

"ఆడ యాడుంటావు? ఎవురన్నా తెలిసినోళ్ళుండారా? దుడ్లెవురిస్తా ఉండారు? ఎన్నేండ్లు? మళ్ళా వస్తావా, ఆణ్ణే ఉండిపోతావా?"

అన్నిటికీ జవాబు చెప్పాను. హాస్టలు గది, తెలిసినవాళ్ళెవరూ లేరు, నా డబ్బే, రెండేళ్ళు, తిరిగొస్తాను. మా వైపు బస్సుల్లో ఇది మర్యాద కిందే లెక్క. అడక్కపోతేనే తప్పు పడతారు. చిత్తూరు రాకముందే నా జాతకమంతా ఆమె చేతిలో ఉంది. ఒక్క జవాబు తప్ప అన్నీ నిజాలే.

"మీ యమ్మ రాలేదా సాగనంపను?"

"వస్తాననింది. బస్సు పడదని నేనే వద్దన్నా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అనగానే ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది. బస్సు పడని అమ్మ ఒకామె, గుమ్మంలో నిలబడి నాకోసం బెంగపడుతూ ఉన్నట్టే అనిపించింది.

చిత్తూరు బస్టాండులో పావుగంట ఆగింది. టీ పదిహేను రూపాయలు. మునెమ్మ నన్ను ఇవ్వనివ్వలేదు. కొంగు ముడి విప్పి తనే ఇచ్చింది. ఆమె సంచిలో పులిహోర పొట్లం ఉంటే ఇద్దరం బస్సు మెట్ల దగ్గర నిలబడి తిన్నాం. ఈసారి నేను అడిగాను, కొండకు ఎవరితో వెళ్ళారని.

"ఎవురితో పోతాను, ఒంటిగానే" అంది. "మా ఇంటాయన పొయ్యి ఆరేండ్లాయె. బిడ్డల్లేరు. దర్శనానికి కంపార్టుమెంటులో కూసుంటే సుట్టూ ఉన్నోళ్ళంతా అదే అడిగేది, నీకెవురుండారని. ఎవురూ లేరని సెప్తా."

"అట్లా చెప్పడానికి కష్టంగా ఉండదా అక్కా?"

"సెప్తే ఏమన్నా తరిగిపోతానా? సెప్పకపోతే ఏమన్నా వస్తారా?"

ఇప్పుడన్నా నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ అర్ధగంట కిందట బస్సు పడదన్న అమ్మను ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చంపేది? చెయ్యి కడుక్కుని బస్సెక్కాను.

బంగారుపాళ్యం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు. కాయల కాలం ఎప్పుడో అయిపోయింది. లారీలు లేవు, తోటల్లో మనుషులు లేరు. ఇక్కడే మునెమ్మ దిగింది. దిగేముందు కాగితంలో చుట్టిన లడ్డు నా ఒళ్ళో పెట్టింది.

"రెండిచ్చినారు, నాకొకటి సాలు. మీ యమ్మకు ఫోన్ సెయ్యి, బస్సు బంగారుపాళ్యం దాటిందని. ఎదురు సూస్తా ఉంటాది."

"సరే అక్కా" అన్నాను. బస్సు కదిలాక ఫోను తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను, ఆమె రోడ్డు మీద నిలబడి చూస్తూ ఉందేమోనని.

బెంగుళూరు

విమానాశ్రయం గేటు దగ్గర ఒక్కో విద్యార్థి చుట్టూ పదిమంది. దండలు, ఫోటోలు, ఏడుపులు. వాళ్ళ నడుమ నుంచి పెట్టె తోసుకుంటూ, "కొంచెం జరగండి, కొంచెం జరగండి" అనుకుంటూ లోపలికి పోయాను. ఒకాయన నన్ను ఆపి తన ఫోను చేతికిచ్చి, వాళ్ళ కుటుంబం మొత్తాన్నీ ఫోటో తీసిపెట్టమన్నాడు. తీశాను. బాగా వచ్చిందన్నారు.

దేశం దాటకముందు మనవాళ్ళే ఒకసారి పాస్‌పోర్టు చూస్తారు. కౌంటర్లో ఉన్న కుర్ర అధికారి తలెత్తలేదు. "స్టూడెంటా?" అన్నాడు. ఏ కాలేజీ, ఏ కోర్సు అని అడిగి, వీసా ఉందని పైపైన చూసి, ఒక ఖాళీ పేజీ వెతికి ముద్ర కొట్టాడు. అంతే. ఇంతోటి దానికి నెలరోజులుగా నిద్ర చెడగొట్టుకున్నానా అని నవ్వొచ్చింది. ఆ సంతోషంలో ఒక కాఫీ తాగాను. నగరిలో వారం కూరగాయలొచ్చే డబ్బుకి అక్కడ ఒక కాఫీ. చల్లారిపోయాక కూడా చివరి బొట్టు దాకా తాగాను.

విమానంలో సీట్లో కూర్చున్నాక, ఆ వీసాను మరోసారి చూసుకుందామని సంచిలోంచి పాస్‌పోర్టు తీశాను. లైనింగు గుడ్డ సంచి రోజంతా నా ఒంటికి ఆనుకుని ఉంది. బస్సులో పట్టిన చెమటంతా పేజీల్లోకి ఇంకింది. కుంకుమ కరిగి, వీసా అడుగున రెండు వరసల్లో ఉండే, యంత్రం చదివే అక్షరాల మీదికి పాకింది. కంగారులో తడి టిష్యూ కాగితం తీసుకుని తుడిచాను. అదీ నా తెలివి. అప్పటిదాకా రూపాయి బిళ్ళంత ఉన్నది అరచేయంత అయింది.

పసుపు గీత

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి పొద్దునైంది. పాస్‌పోర్టు వరుస పొడుగ్గా ఉంది. వరుసలు మాకు కొత్త కాదు, తిరుపతిలో ఉన్నవాళ్ళకు అసలే కాదు. కానీ మన దగ్గర వరుసలో గంట నిలబడితే ముందున్నవాళ్ళ పిల్లల పేర్లు, వెనకున్నవాళ్ళ మోకాళ్ళ నొప్పులు తెలిసిపోతాయి. అక్కడ మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కౌంటరు ముందు నేల మీద పసుపు గీత. మన వంతు వచ్చేదాకా దాన్ని దాటకూడదు. గీత దగ్గర నిలబడినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఇప్పుడు నాకేదైనా అయితే చెప్పుకోవడానికి ఈ వైపు ఎవరూ లేరు. ఆ వైపూ ఎవరూ లేరు.

కౌంటర్లో కళ్ళద్దాల యువకుడు. అతని ఇంగ్లీషు నా ఇంగ్లీషంత నిదానంగానే ఉంది. ఎక్కడికి వెళ్తున్నారు? ఏం చదవడానికి? ఎక్కడ ఉంటారు? ఎన్నాళ్ళు? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారా? నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇవన్నీ మునెమ్మ అడిగినవే. పెండ్లి సంగతి ఒక్కటి అతను అడగలేదు. కాలేజీ ఉత్తరం, హాస్టలు గది కాగితం, బ్యాంకు కాగితం, ఇన్సూరెన్సు, అడిగింది అడిగినట్టు సంచిలోంచి తీసి ఇచ్చాను. అక్కడిదాకా బాగానే ఉంది.

తర్వాత పాస్‌పోర్టు తెరిచి యంత్రం మీద పెట్టాడు. చదవలేదు. తుడిచి పెట్టాడు. చదవలేదు. పేజీని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేమిటి?"

పూజ అన్నాను. మతపరమైన గుర్తు, పసుపు, ఎర్ర పొడి అన్నాను. నాకే అది చేతబడి సామానులా వినిపించింది.

"ఎవరు పెట్టారు?"

"మా అమ్మ."

ఆలోచించి అన్నది కాదు. నిన్న బస్సులో అలవాటైపోయిన అమ్మ, అడగ్గానే వచ్చి నిలబడింది. నేనే పెట్టుకున్నానంటే, ముప్ఫైరెండేళ్ళ మనిషి గదిలో ఒక్కతే కూర్చుని తన కాగితానికి తనే బొట్టు పెట్టుకుందంటే, ఎంత దిక్కులేనిదానిలా ఉంటుంది అనిపించింది.

"ఎప్పుడు?"

"మూడు రోజుల కిందట."

అతను అది కంప్యూటర్లో కొట్టాడు. పాస్‌పోర్టు ఇవ్వలేదు. నా వెనక వరుసంతా చూస్తుండగా ఒకతను వచ్చి, తనతో రమ్మన్నాడు.

గాజు తలుపు గది

ఆ గదిలో ఎనిమిది కుర్చీలు, ఒక నీళ్ళ యంత్రం. వీసా పాడైతే దాన్ని దిద్దారేమో పరీక్షించాలని, చెల్లదని తేలితే వచ్చిన దారినే తిప్పి పంపిస్తారని ఆ మనిషి మర్యాదగానే చెప్పాడు. తిప్పి పంపిస్తే నేను ఎక్కడికి పోవాలి? మగ్గాలు ఎవరి షెడ్డులోనో ఆడుతున్నాయి. గది తాళంచెవి కిటికీలో ఉంది.

నాకు రెండు కుర్చీల అవతల ఎస్తర్ అని ఘనా అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆమెకు ఉండబోయే ఇంటి చిరునామా కాగితం పెద్ద పెట్టెలో ఉండిపోయిందట. బాషా భాయ్ చెప్పింది ఎంత నిజమో చూడండి. ఆమె అరగంటకోసారి వాళ్ళమ్మకు ఫోను చేస్తోంది. భాష తెలియకపోయినా అవతలి గొంతు నాకు వినిపిస్తోంది. తిడుతోంది, బతిమాలుతోంది, మళ్ళీ తిడుతోంది. ఎస్తర్ ఫోను పెట్టేసి నన్ను చూసి, "మీరూ మీ ఇంటికి చెప్పండి, ఫోను కావాలా?" అంది.

"నా దగ్గర ఉంది" అన్నాను. ఉంది మరి, ఒళ్ళోనే ఉంది.

లడ్డు విప్పి సగం ఆమెకిచ్చాను. నాలుగైదుసార్లు వాసన చూసి తింది. బాగుందా అంటే, చాలా తీపి అంది. మిగిలిన సగం నేను తిన్నాను. పాలో మాంసమో కలిసిన తిండి ఆ దేశంలోకి తేకూడదని తర్వాత తెలిసింది, నెయ్యి లడ్డు సంగతి నన్నడక్కండి. దేశంలో అడుగు పెట్టకముందే దాని పని అయిపోయింది. కాసేపటికి ఎస్తర్ పెట్టె వచ్చింది, కాగితం దొరికింది. పోతూ పోతూ నా భుజం తట్టింది. గదిలో నేను మిగిలాను.

అరగంటకు ఒక పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, యూనిఫారం. చేతిలో నా పాస్‌పోర్టు, ఇంకో కాగితం. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"వీసా కాగితం అసలైనదే. లైటు కింద చూశాం, అరగంటలోనే తేలింది. మరక పైపైనే ఉంది."

దండం పెట్టబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కానీ ఇది మీ అమ్మగారు మూడు రోజుల కిందట పెట్టారని చెప్పారు. మీ వీసా అర్జీ తెప్పించి చూశాం, తల్లి అన్న చోట మరణించారని ఉంది. మీ సంతకం ఉంది. రెంటిలో ఏది అబద్ధం?"

ఆమె ఎదురుచూసింది. తర్వాత, తల్లి గురించే నిజం చెప్పనివాళ్ళు చదువు గురించి, డబ్బు గురించి చెప్పింది మేమెలా నమ్మాలి అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. ఆలోచించుకోమని చెప్పి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ గంట నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన గంట. ఎన్ని అబద్ధాలు అల్లానో. పిన్నిని అమ్మ అంటాం, అది మా ఆచారం అని చెప్దామనుకున్నాను. ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదని చెప్దామనుకున్నాను. ఒక్కొక్కటీ అల్లుతుంటే, చిత్తూరు బస్టాండులో బస్సు మెట్ల దగ్గర గుండుతో నిలబడి పులిహోర తింటున్న మునెమ్మ గుర్తొచ్చింది. చెప్తే ఏమన్నా తరిగిపోతానా అంది ఆమె. నేను తరిగిపోతానేమోననే కదా ఇంత దూరం దాస్తూ వచ్చాను.

పెద్దావిడ మళ్ళీ వచ్చి కూర్చోగానే ఆమె అడక్కముందే చెప్పేశాను.

"మా అమ్మ లేదు. చనిపోయి నాలుగేళ్ళు. నాన్న కూడా లేడు. ఎవరూ లేరు. ఆ బొట్టు నేనే పెట్టుకున్నాను."

"మరి అమ్మ అని ఎందుకు చెప్పారు?"

"ఒక్కదాన్నే అని చెప్పడానికి సిగ్గేసింది."

ఆ తర్వాత మగ్గాల సంగతి, ఆయుధ పూజ సంగతి, చెయ్యి పడే చోట పెట్టాలన్న నాయన మాట, అన్నీ చెప్పాను. నా ఇంగ్లీషు ఎక్కడికక్కడ కుంటుతోంది. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా భయమేసింది, టిష్యూతో తుడిస్తే ఏమవుతుందో ముందే చూశాను కదా. ఆమె కొంత రాసుకుంది. అర్జీ కాగితం మళ్ళీ చదివింది. నేత గురించి రెండు ప్రశ్నలడిగింది. నాడె అంటే ఏమిటో చేత్తో చూపించమంది. చూపించాను. గాల్లో అటూ ఇటూ నా చెయ్యి పోతుంటే చూస్తూ ఉంది.

"తర్వాతిసారి దీన్ని ఏ పేజీ మీదా పెట్టకండి" అంది లేస్తూ. "అట్ట మీద కూడా వద్దు."

పది నిమిషాలకు ముద్ర పడిన పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. చేరినట్టు ఎవరికైనా తెలియజేయాలా అని ఆమె అడిగింది. అవసరం లేదండి అన్నాను. ఆ రోజు ఆమెతో చెప్పిన మాటల్లో అదీ నిజమే.

ఆ ఊళ్ళో

రెండేళ్ళ సంగతులు ఇక్కడ రాయను. ఊరు శుభ్రంగా ఉంటుంది, రొట్టె గట్టిగా ఉంటుంది, ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కడికి, ఎందుకు, ఎవరున్నారు అని ఒక్క మాట అడగరు. మొదట్లో ప్రాణానికి సుఖంగా అనిపించింది. మూడో నెలకి ఎవరన్నా అడిగితే బాగుండుననిపించింది. ఒక రోజు ఊరికే బస్సెక్కి చివరి స్టాపుదాకా పోయి వచ్చాను. నన్ను ప్రశ్న అడిగింది టిక్కెట్టు చూసే మనిషి ఒక్కడే. బాషా భాయ్‌కి మాత్రం పండగలకు ఫోను చేసేదాన్ని. "తిన్నావా అమ్మా" అని ఒక్క మాట అడిగి, మిషను చప్పుడులో ఏమీ వినపడక పెట్టేసేవాడు.

ఇక ఫోన్లు చేస్తున్న పిల్లలకు. కాగితాలన్నీ చేతి సంచిలో ఉండాలి. ఉండబోయే చోటు చిరునామా కాగితం మీద రాసి ఉండాలి, ఫోనులో ఉందని ధీమా పడొద్దు. అడిగినదానికే జవాబు చెప్పండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి, తల మాత్రం ఊపొద్దు. పక్క గదిలో కూర్చోబెడితే లోకం మునిగిపోయినట్టు కాదు, చూసేదాకా కూర్చోబెడతారు, అంతే. బొట్టు పెట్టుకోవాలనిపిస్తే పెట్టె పిడికి పెట్టుకోండి, చెయ్యి పడేది అక్కడే. ఇంట్లో ఎవరున్నారని అడిగితే ఉన్నవాళ్ళ పేర్లు చెప్పండి. లేకపోతే లేరని చెప్పండి. నోటికి ఎంత కష్టంగా ఉన్నా సరే.

మళ్ళీ బెంగుళూరు

పోయిన నెల బెంగుళూరులో దిగాను. చదువైపోయింది, పుత్తూరు దగ్గర ఒక బట్టల మిల్లులో ఉద్యోగం వచ్చింది. కౌంటర్లో ఈసారి నడివయసు అధికారి, కోలారు వైపు మనిషిలా ఉన్నాడు. నా పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చూసి తెలుగులోనే పలకరించాడు. పేజీలు తిప్పుతూ మరక దగ్గర ఆగాడు. బొటనవేలితో దాన్ని ఒకసారి రుద్దాడు.

"ఏందమ్మా ఇది, బొట్టా? మీ అమ్మ పెట్టినాదా?"

"లేదు సార్" అన్నాను. "నేనే పెట్టుకున్నా."

ఆయన నన్నొకసారి చూశాడు. ఎదుటి పేజీలో మరక అంటని మూల వెతికి ముద్ర కొట్టి, పాస్‌పోర్టు నావైపు జరిపాడు.

"సరే తల్లీ, పో. ఇంటికి పో."

పెట్టె ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. ఏ ఇంటికి అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే, ఇంకా ఏ ఇల్లూ లేదని అదీ నిజమే చెప్పేదాన్ని.